మూడోసారి వినేదాకా: ఒక సోల్ నైట్ కేస్ స్టడీ

కొత్త ఒక వింత, పాత ఒక రోత అంటారు మనవాళ్ళు. నేను పదిహేనేళ్ళుగా రికార్డులు వేస్తున్న చోట ఈ సామెత తలకిందులుగా ఉంటుంది. ఇంగ్లండ్ ఉత్తరాన, లాంకషైర్ వైపు, నూలు మిల్లులు ఎప్పుడో మూతపడిన ఊళ్ళలో సోల్ నైట్‌కి, అంటే అరవైల నాటి అమెరికా నల్లజాతి పాటలకి ఆడే డాన్సు రాత్రికి, వచ్చేవాళ్ళకి పాతదే పండగ. తెలియని పాట మొదలైందంటే డాన్సు ఫ్లోర్ మీది సగంమంది బార్ వైపు నడుస్తారు.

అలాంటి ఒక క్లబ్బులో ఏడాదిన్నర పాటు మేము చేసిన పని ఇది. ఊరి పేరు, మనుషుల పేర్లు రాయడం లేదు, గుర్తుపట్టేలా ఉన్న ఒకటి రెండు వివరాలు మార్చాను. ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నామో, ఏది బెడిసికొట్టిందో మాత్రం జరిగింది జరిగినట్టే రాశాను.

నేపథ్యం

తెలుగులో ఈ సంగతి తెలిసినవాళ్ళు తక్కువ కాబట్టి నాలుగు ముక్కలు చెప్పాలి. 'నార్తర్న్ సోల్' అనే పేరు డేవ్ గాడిన్ అనే పాత్రికేయుడు పెట్టింది. ఆయనకి లండన్‌లో రికార్డుల షాపు ఉండేది. ఫుట్‌బాల్ మ్యాచ్‌లకి ఉత్తరాది నుంచి వచ్చే కుర్రాళ్ళు అప్పుడప్పుడే వస్తున్న ఫంక్ రికార్డుల మొహం చూడకుండా, అరవైల నడుమ వచ్చిన మోటౌన్ (డెట్రాయిట్ రికార్డు కంపెనీ) తరహా వేగం పాటలే అడిగేవారు. ఆ పేరుని ఆయన 1970లో బ్లూస్ అండ్ సోల్ పత్రికలో తన శీర్షికలో రాశాడు. మాంచెస్టర్‌లో ట్విస్టెడ్ వీల్, స్టోక్ దగ్గర టన్‌స్టాల్‌లో గోల్డెన్ టార్చ్, తరవాత 1973 సెప్టెంబరు నుంచి 1981 డిసెంబరు దాకా విగన్ కసీనో అనే క్లబ్బులు ఈ సంగీతానికి అడ్డాలు. కసీనోలో డాన్సు రాత్రంతా సాగి పొద్దున ఎనిమిదికి ముగిసేది.

ఇక్కడ 'కొత్త పాట' అంటే ఈ ఏడాది వచ్చిన పాట కాదు. 1966లో డెట్రాయిట్‌లోనో షికాగోలోనో రికార్డయి, అక్కడ అమ్ముడుపోక గోడౌన్లలో పడి ఉండి, ఇక్కడి ఫ్లోర్ ఇంకా వినని పాట. పాతదీ కొత్తదీ ఒకే ఏడాది పుట్టిన కవలలు కావచ్చు. ఒకటి ఊరందరికీ తెలుసు, రెండోది ఎవరికీ తెలియదు, అంతే తేడా.

మా కేసులోది ఒక కార్మికుల క్లబ్బు. నెలకో శనివారం, రాత్రి ఎనిమిది నుంచి పన్నెండున్నర దాకా. చెక్క ఫ్లోర్, బూట్లు జారడానికి చల్లుకునే టాల్కమ్ పౌడర్ డబ్బా మూలన, పదిన్నరకి లాటరీ. ముగ్గురు డీజేలు వంతులవారీగా వేస్తారు, ఒక్కొక్కరి వంతుని స్పాట్ అంటారు. అంతా 45లే, అంటే నిమిషానికి 45 చుట్లు తిరిగే ఏడంగుళాల రికార్డులే. పాట రెండున్నర నిమిషాలు, గంటకి ఇరవై రెండు అటూ ఇటూ పడతాయి.

సమస్య

నడిపే పెద్దాయన నాకు ఫోన్ చేసే నాటికి నూటయాభై మంది వచ్చే హాలుకి డెబ్బై మంది కూడా రావడం లేదు. ఆయన మాట ఇది: "కొత్తవి వేస్తే ఫ్లోర్ ఖాళీ. పాతవి వేస్తే ప్రతి నెలా అవేనా అని మానేస్తున్నారు. నువ్వొచ్చి ఓ స్పాట్ వెయ్యి, ఎలా ఉంటుందో చూద్దాం."

నేను వెంటనే వెయ్యనన్నాను. ముందు రెండు నెలలు ఫ్లోర్ పక్కన బల్ల దగ్గర నోటుపుస్తకం పట్టుకుని కూర్చున్నాను. ప్రతి పాటకీ మొదట్లో ఎంతమంది ఉన్నారు, చివర్లో ఎంతమంది, మధ్యలో ఎప్పుడు దిగారు అని గీతలు పెట్టుకున్నాను. రోగమేదో తెలియకుండా మందు వెయ్యడం నాకు ఇష్టం లేదు. అంతకు ముందు రెండు చోట్ల అలా వేసి దెబ్బతిన్నాను.

రెండు సంగతులు బయటపడ్డాయి. మొదటిది, 'ప్రతి నెలా అవే పాటలు' అని గొణిగేవాళ్ళూ, తెలియని పాటకి దిగిపోయేవాళ్ళూ ఆ మనుషులే. ఇందులో విరుద్ధం ఏమీ లేదు. వాళ్ళకి విసుగు పుట్టించినవి ఓ ముప్పై పాటలు, అంతే. ఆ ముప్పై వద్దంటే ఎన్నడూ విననివి కావాలని కాదు.

రెండోది నా ఆలోచననే మార్చేసింది. దిగేవాళ్ళు మొదటి ఇరవై సెకన్లలోనే దిగిపోతున్నారు. గాయకుడు నోరు తెరవకముందే. అంటే పాట బాగుందా లేదా అన్న తీర్పు అక్కడ జరగడమే లేదు. డీజేలు మాత్రం "ఇంత మంచి పాటకి కూడా దిగిపోయారే" అని బాధపడుతున్నారు.

ఎందుకలా అన్నది ఒక మనిషిని చూస్తుంటే అర్థమైంది. అరవై దాటిన ఆవిడ. తోలు అడుగున్న చదును బూట్లు, నడుముకి చిన్న తువ్వాలు. తెలిసిన పాటలో బ్రేక్, అంటే వాయిద్యాలన్నీ ఒక్క క్షణం ఆగే చోటు, రావడానికి ఒక దెబ్బ ముందే ఎడమ మడమ ఎత్తుతుంది. వాయిద్యాలు ఆగేసరికి తిరుగుతూ ఉంటుంది, అవి మళ్ళీ అందుకునేసరికి రెండు చేతులూ చప్పట్లో కలుస్తాయి. నలభై ఏళ్ళ లెక్క అది. తెలియని పాట పడినప్పుడు అదే మనిషి ఫ్లోర్ అంచున నిలబడింది. పాదం ఆడుతూనే ఉంది. బ్రేక్ వచ్చింది, చప్పట్లు అర దెబ్బ ఆలస్యమయ్యాయి. వెంటనే తువ్వాలు సర్దుకుంటున్నట్టు చేతులు కిందికి దించేసి, నెమ్మదిగా బార్ వైపు నడిచింది.

ఆవిడకి పాట నచ్చకపోలేదు. ఎక్కడ తిరగాలో తెలియలేదు. నలభై ఏళ్ళుగా ఈ ఫ్లోర్ మీద పేరున్న మనిషికి పదిమందిలో అర దెబ్బ తప్పడం చిన్న విషయం కాదు. తెలిసిన పాట అంటే చెవికి తెలిసిందని అనుకుంటాం. ఇక్కడ అది కాళ్ళకి తెలిసి ఉండాలి.

చేసినవి, బెడిసికొట్టినవి

నేను రాకముందే వాళ్ళు రెండు ప్రయత్నాలు చేశారు. మొదటి గంట కొత్తవాటికి కేటాయించారు. జనం తెలివైనవాళ్ళు, తొమ్మిదింటికి రావడం మొదలుపెట్టారు. ఆ గంటలో డీజే ఖాళీ కుర్చీలకి పాటలు వినిపించాడు.

తరవాత మేడ మీద చిన్న గది తెరిచి అరుదైన పాటలన్నీ అక్కడికి మార్చారు. డెబ్బైమందిలో పదిహేనుమంది పైకి వెళ్తే కింద వెలితి, పైనా వెలితే. 1970లలో ఇదే చీలిక పెద్ద ఎత్తున జరిగింది. బ్లాక్‌పూల్ మెక్కా అనే క్లబ్బులో డీజేలు ఇయన్ లెవీన్, కోలిన్ కర్టిస్ అప్పుడప్పుడే అమెరికాలో విడుదలవుతున్న పాటల వైపు మళ్ళారు, విగన్ అరవైల వేగాన్నే పట్టుకుంది. రెండూ నిలబడ్డాయి, ఎందుకంటే రెండు చోట్లా వందల్లో జనం ఉన్నారు. మా దగ్గర ఉన్నది ఒక్క హాలుకి సరిపడా మనుషులు, అదీ చాలీచాలకుండా. అంతకంటే పెద్ద నష్టం, కొత్త పాట పాత చెవి దాకా చేరే దారే మూసుకుపోవడం.

మూడో పొరపాటు నాది. ఒకటి తెలిసింది, ఒకటి తెలియనిది, మళ్ళీ తెలిసింది అని వరస పెట్టాను. ఆ ఆలోచన నాకు రాజమండ్రి నుంచి వచ్చింది. చిన్నప్పుడు తాతగారు కచేరీలకి తీసుకెళ్ళేవారు. విద్వాంసుడు అందరికీ తెలిసిన కీర్తనతో హాలుని తన వెంట తెచ్చుకుని, ఆ తరవాతే అరుదైన రాగం ఎత్తుకునేవాడు. అదే ఇక్కడా పనిచేస్తుందనుకున్నాను. ఒక్క రాత్రికే తప్పు తెలిసింది. కచేరీలో శ్రోత కూర్చుని ఉంటాడు, రాగం పట్టుబడేదాకా ఐదు నిమిషాలు ఓపిక పడతాడు. ఇక్కడి శ్రోత నిలబడి ఉన్నాడు, ఇరవై సెకన్లలో ఒంటితో నిర్ణయం తీసుకుంటాడు. పైగా అరవై దాటిన మోకాళ్ళు. ఒకసారి వెళ్ళి కూర్చున్న మనిషి మళ్ళీ లేచి ఫ్లోర్ దాకా వచ్చేసరికి రెండున్నర నిమిషాల పాటలో సగం అయిపోతుంది. వచ్చాక మళ్ళీ తెలియనిది. ఫ్లోర్ బస్టాండులా అయిపోయింది. పాతవి కూడా చెడ్డాయి ఆ రాత్రి.

కోరికల కాగితం కూడా పెట్టి చూశాం. నింపిన కాగితాలన్నీ ఆ ముప్పై పాటల్లోకే తిరిగి వచ్చాయి. తెలియనిదాన్ని ఎవరు మాత్రం కోరగలరు?

పనిచేసింది

నాలుగో నెలలో నలుగురం క్లబ్బు వెనక గదిలో కూర్చున్నాం. నేను వాళ్ళకి ఒకే ఒక్క పాట గురించి మాట్లాడాను. ఫ్రాంక్ విల్సన్ మోటౌన్‌లో 1965లో పాడింది. సరిగ్గా విడుదల కూడా కాలేదు, దొరికిన కాపీలు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని. వాటిలో ఒకటి 2009లో ఇరవై ఐదు వేల పౌండ్లకి పైగా పలికింది. ఇవాళ ఏ హాల్లో వేసినా, ఎంత పాతకాలపు మనిషైనా, మొదటి దెబ్బకే లేస్తారు. కానీ డెబ్బైల చివర విగన్‌లో అది కొత్త పాట. అప్పటికి దాన్ని విన్నవాళ్ళే లేరు. ఇంకో డీజే కనిపెట్టకుండా ఎడ్డీ ఫోస్టర్ అనే వేరే పేరు తగిలించి వేశారు. పేరు కూడా దొంగపేరైన పాట అందరి సొంతం ఎలా అయింది? వారం వారం వెయ్యడం వల్ల. వాళ్ళకి ఏడాదికి యాభై రెండు వారాలు. మనకి పన్నెండు రాత్రులు. మనం ఈ నెల ఒక కొత్త పాట వేసి, అది పడకపోతే వచ్చే నెల ఇంకో కొత్త పాట తెస్తున్నాం. ఏ పాటకీ రెండోసారి వినిపించే అవకాశమే ఇవ్వలేదు.

అక్కడి నుంచి లెక్క వేసుకున్నాం. రాత్రికి వేసే తొంభై పైచిలుకు పాటల్లో కొత్తవి మూడే. ఆ మూడే ముగ్గురూ వెయ్యాలి. రాత్రికి రెండేసి సార్లు, నాలుగు నెలలు అవే. మూడే ఎందుకంటే, పది పాటల బ్రేకులు ఏ కాలికీ ఒక్క రాత్రిలో గుర్తుండవు.

ఇది ఈ లోకంలో మర్యాద తప్పిన పని. ముందు డీజే వేసిన పాట తరవాతివాడు వెయ్యడు. ఎవరి దగ్గరా లేనిది తన దగ్గర ఉండటమే డీజేకి పరువు. రికార్డు మీద తెల్లకాగితం అంటించి పేరు దాచే అలవాటు ఆ పరువు నుంచి పుట్టిందే. నేను అడిగింది దానికి నేరుగా ఎదురు: ఒకే కాపీ టర్న్‌టేబుల్ పక్కన ఉంటుంది, ముగ్గురి చేతులూ దాన్నే తీస్తాయి. ఒకాయన ఒప్పుకోలేదు. "నా పెట్టెలోది నేను వెతికి తెచ్చుకున్నది" అన్నాడు. మూడు నెలలు ఉండి మానేశాడు. ఆయన మాటలో న్యాయం ఉంది. నలభై ఏళ్ళు పాత షాపుల దుమ్ములో వెతికిన మనిషి. ఆయన వెళ్ళిపోవడంతో పోయిన పాటలు ఇప్పటికీ మాకు దొరకలేదు. ఆ నష్టాన్ని ఈ కేసు లెక్కలో రాయకపోతే అబద్ధమవుతుంది.

పాటల ఎంపికకి మా ఇంట్లో రెండు ఆదివారాలు పట్టింది. అరవై రికార్డులు తీసి, ఒక్కోదానికి మొదటి ఇరవై సెకన్లే విన్నాం. డప్పు వరసతో మొదలై, మోటౌన్ పాటల్లోలాగా నాలుగు దెబ్బలకీ స్నేర్ డ్రమ్ పడుతుంటే కాలు దానంతటదే కదులుతుంది. అలాంటివే ఉంచాం. తరవాత బ్రేక్ ఎక్కడుందో చూశాం. ఒక్క బ్రేకే ఉంటే తీసేశాం. రెండోది అదే వరసలో మళ్ళీ రావాలి. మొదటిదాంట్లో తప్పిన మనిషి రెండోదాంట్లో పట్టుకోగలగాలి. నాకు ప్రాణమైన పాట ఒకటి, పియానో మీద నింపాదిగా తెరుచుకునేది, ఇక్కడే ఆగిపోయింది. దాన్ని పక్కన పెట్టడం నాకు చాలా కష్టమైంది.

సగం తెలిసిన పాటలు ఇంకో మెట్టు. పైన చెప్పిన ఫ్రాంక్ విల్సన్ పాటనే, అదే వాయిద్యం మీద, మోటౌన్‌లోనే క్రిస్ క్లార్క్ అనే గాయని కూడా పాడింది. అలాంటి రికార్డు పడితే కాళ్ళు ముందే లేస్తాయి, గొంతు విన్నాక తలలు తిరుగుతాయి. బ్రేక్ తెలిసిందే, మనిషి కొత్త. ఒక స్పాట్‌కి ఒక్కటి మించకుండా ఇలాంటివి వాడాం.

ఎప్పుడు వెయ్యాలన్నది ఆ తరవాతి ప్రశ్న. తొమ్మిదింపావుకి ఒకసారి. అప్పటికి హాలు నిండుతుంది, ఫ్లోర్ ఇంకా సగమే, బార్ దగ్గర నిలబడ్డవాళ్ళ చెవిలో పడుతుంది. ఆ సారికి ఎవరూ ఆడకపోయినా ఫరవాలేదని ముందే అనుకున్నాం. పది యాభైకి రెండోసారి, ఈసారి ఫ్లోర్ నిండుగా ఉండగా. ముందు రెండు బలమైన పాతవి, తరవాత కొత్తది, దాని వెంటనే అంతకంటే బలమైన పాతది. లాటరీ అవ్వగానే మాత్రం ఎప్పుడూ వెయ్యలేదు, అప్పుడు అందరూ కూర్చుని ఉంటారు. పదకొండున్నర తరవాత కొత్తవాటికి చోటు లేదు. విగన్‌లో ప్రతి రాత్రీ ఒకే మూడు పాటలతో ముగిసేది. 'త్రీ బిఫోర్ ఎయిట్' అంటే ఇప్పటికీ కళ్ళు చెమర్చేవాళ్ళున్నారు. చివరి గంట వాళ్ళది, దాన్ని ముట్టుకోకూడదు.

మైకు సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గానీ కాదు. అంతకు ముందు డీజేలు "ఇప్పుడొక కొత్తది" అని చెప్పి వేసేవారు. అది 'వెళ్ళి కూర్చోండి' అని చెప్పడమే. పాట ముందు ఏమీ అనకూడదని, రెండోసారి వేసినప్పుడు పాట అయిపోయాక మాత్రం గాయకుడి పేరు, ఊరు, ఏడాది చెప్పాలని మార్చాం. నచ్చినదానికి పేరు దొరికితే మనిషి దాన్ని ఇంటికి తీసుకెళ్తాడు.

వీటన్నిటికంటే ఎక్కువ పనిచేసింది మాత్రం కొత్త పాటలు కావు, మరచిపోయిన పాతవి. పెద్దాయన దగ్గర చెప్పుల పెట్టెలో అట్టముక్కలు పెట్టించాను, పాటకొకటి. విసుగెత్తిన ముప్పైలో పదింటిని మూడేసి నెలలు విశ్రాంతికి పంపాం. ఆయన భయపడ్డారు, ఆ పది లేకపోతే డబ్బు తిరిగిమ్మంటారని. వాటి చోట అదే కాలంలో వాయించి, తరవాత ముప్పై ఏళ్ళుగా ఎవరూ తియ్యని పాటలు పెట్టాం. మొదటి రాత్రి అలాంటి ఒకటి పడగానే ఒకాయన గ్లాసు బల్ల మీద పెట్టి, కళ్ళు మూసుకుని, ఫ్లోర్ మధ్యకి నడిచి వచ్చాడు. కాళ్ళకి ఇంకా గుర్తుంది. పాత చింతకాయ పచ్చడి అనుకున్న జాడీ అడుగున ఇంకో జాడీ ఉన్నట్టయింది. పాతది, కొత్తది అని రెండే అరలు పెట్టుకుని కొట్టుకుంటున్న మాకు మూడో అర దొరికింది. చివరికి స్పాట్‌లో సగం పాటలు అక్కడి నుంచే వచ్చాయి.

ఒరిజినల్ కాపీలే వెయ్యాలన్న నియమం మీద కూడా మాట పడింది. మంచి అరుదైన రికార్డు వందల పౌండ్లు, నెల జీతంతో బతికే డీజే కొత్తవి ఎన్ని కొనగలడు? నియమం తియ్యలేదు. కానీ లండన్‌లో కెంట్ అనే లేబుల్ అరవైల టేపుల్లో విడుదల కాకుండా మిగిలిపోయిన పాటల్ని 45లుగా తెస్తోంది. ఆ పాటలకి వేరే ఒరిజినల్ అంటూ లేదు, కాబట్టి గొడవా లేదు. మా మూడింటిలో ఒకటి అలా వచ్చిందే.

ఫలితం, తేలనివి

మొదటి నెల మూడింటికీ ఫ్లోర్ పలచబడింది. పెద్దాయన నా వైపు చూశారు, నేను నోటుపుస్తకం చూపించాను: దిగేవాళ్ళు ఇరవై సెకన్లకి కాదు, నిమిషానికి దిగారు. రెండో నెల రెండోసారికి సగంమంది ఆగారు. మూడో నెల పది యాభైకి, తువ్వాలు ఆవిడ మడమ బ్రేక్‌కి ముందే లేచింది. చప్పట్లు సరిగ్గా పడ్డాయి. ఆ రాత్రి నేను గీతలు పెట్టడం మరిచిపోయాను.

మూడింటిలో రెండు నిలిచాయి. మూడోది నాలుగు నెలలు వేసినా పట్టలేదు. తరవాత శ్రద్ధగా వింటే రెండో చరణంలో డ్రమ్మర్ వేగం జారుతున్నాడు. ఇంట్లో చెవికి తెలియలేదు, ఫ్లోర్ మీద కాళ్ళకి తెలిసింది. ఇప్పుడు పాటని ఎంచేటప్పుడు కూర్చుని వినను. వంటింట్లో నిలబడి, ఆడి చూస్తాను.

ఏడాదిన్నరకి హాల్లో నూటపది మంది దాకా వచ్చారు. ఇరవైల్లో ఉన్న పిల్లలు కొందరు వస్తున్నారు గానీ నిలవడం లేదు. వాళ్ళకి ఈ పాటలన్నీ కొత్తవే, మా మూడు అరలు వాళ్ళకి వర్తించవు. వాళ్ళకోసం ఏం చెయ్యాలో ఇంకా కుదరలేదు. రెండు నెలలుగా వాళ్ళు ఏ పాటకి ఆగుతున్నారో మళ్ళీ గీతలు పెడుతున్నాను.

నిలిచిన రెండింటిలో ఒకటి ఇప్పుడు మరీ ఎక్కువైందని పెద్దాయనే స్వయంగా దాని అట్టముక్క తీసి విశ్రాంతి పెట్టెలో వేశారు. దాని చోట షికాగో నుంచి 1967 నాటి పాట ఒకటి ఈ నెల మొదలుపెట్టాం. తొమ్మిదింపావుకి ఫ్లోర్ మీద ఆరుగురు. పది యాభైకి పద్నాలుగు.